పరకాలలో బడి భవనం: ఏ స్థలం, ఎంత లోతు పునాది, ఎన్ని గదులు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పరకాల శివారులో పదో తరగతి దాకా బడి కట్టాలని సొసైటీ అనుకుంటోంది. చేతిలో రెండు స్థలాలున్నాయి. ఒకటి భూపాలపల్లి రోడ్డుకు దగ్గరలో కొనాల్సిన 2 ఎకరాల నల్లరేగడి చేను. రెండోది ఒక వెంచర్ యజమాని కుంట పక్కన ఉచితంగా ఇస్తానంటున్న ఎకరంన్నర. జీ ప్లస్ 2లో 16 గదులూ ఒకేసారి కట్టాలా, హైవే, టెక్స్‌టైల్ పార్కు వస్తున్నాయి కాబట్టి పదేళ్లలో గదులు నిండుతాయా అని కూడా అడిగారు.

నల్లరేగడి చేనే తీసుకోండి. పునాది జీ ప్లస్ 2కు వేసి, ఇప్పటికి రెండు అంతస్తుల్లో 8 గదులు కట్టండి.

ముందు ఆ ఉచిత స్థలం సంగతి. లేఅవుట్‌లో పార్కుకని చూపిన ఖాళీ జాగా స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ అయి ఉంటుంది, దాన్ని మీకు ఇచ్చే హక్కు యజమానికి లేదు. కాబట్టి మొదట అడగాల్సింది లేఅవుట్ మంజూరు నక్షలో ఆ ఎకరంన్నరను ఏమని చూపారు అన్నది. రెండోది కుంట. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకైతే 9 మీటర్లు వదలాలి. వాగు, కాలువ, నాలా 10 మీటర్ల కంటే వెడల్పుంటే 9 మీటర్లు, లోపుంటే 2 మీటర్లు. ఎండాకాలంలో కనిపించే నీటి అంచు ఎఫ్‌టీఎల్ కాదు. అలుగు మట్టానికి నీళ్లు నిలిస్తే ఎక్కడిదాకా వస్తాయో అదే హద్దు. నీటిపారుదల శాఖ సర్వే మ్యాపులో ఆ గీత చూసి, లెవెల్ మిషన్‌తో అలుగు మట్టాన్ని మీ స్థలం మట్టంతో పోల్చి చూడండి. కాగితం మీద 9 మీటర్లు వదిలి ఉన్నా, అలుగు కంటే మీ నేల అర మీటరు కిందుంటే ఆ బడిలో నీళ్లు నిలుస్తాయి. 2023 జులైలో మోరంచపల్లి మునిగింది మీ రోడ్డు మీదే కదా.

చేను కాగితాల విషయంలో పట్టా పేరు ఒక్కటే చూసి ఆగొద్దు. పాత పహాణీలో ఆ సర్వే నంబరు లావణి పట్టాగా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) గానీ, శికం (చెరువు భూమి), పోరంబోకుగా గానీ ఉందేమో చూడాలి. లావణి పట్టా భూమి అమ్మకానికి 1977 చట్టం అడ్డు. ఈరోజు భూ రికార్డుల పోర్టల్‌లో శుభ్రంగా కనిపించినంత మాత్రాన పాత చిక్కు పోదు. రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితా కూడా వెతకండి. తర్వాత నాలా మార్పిడి (సాగు భూమిని సాగేతర భూమిగా మార్పించడం), ఆ తర్వాతే భవన అనుమతి. విస్తీర్ణంలో ఒక మెలిక ఉంది. 2 ఎకరాలంటే 8,094 చదరపు మీటర్లు. సీబీఎస్ఈ సాధారణ ప్రమాణం 8,000. రోడ్డు వెడల్పుకని మున్సిపాలిటీ ఒక్క గుంట తీసుకున్నా మీరు 8,000కు దిగువకు వస్తారు. పక్క రైతు దగ్గర మరో 4, 5 గుంటలు ఇప్పుడే మాట్లాడుకోండి. బడి లేచాక అదే గుంటకు ఆయన చెప్పే ధర వేరు.

ఇక నేల. నల్లరేగడి అంటే భయపడి స్థలం వదులుకోనక్కర్లేదు. భయపడాల్సింది పరీక్ష లేకుండా మేస్త్రీ అలవాటు లోతుకు పునాది వేయడం గురించి. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఈ కదలిక పైనుంచి సుమారు 3.5 మీటర్ల దాకా ఉండొచ్చు. బరువు ఎక్కువున్న మూడంతస్తుల భవనం కంటే, బరువు లేని ప్రహరీ, టాయిలెట్ల వరుస, వాచ్‌మన్ గది ముందు పగులుతాయి. ఊళ్లో పాత కట్టడాలు చూస్తే ఇది తెలుస్తుంది. అసలు భవనానికి జాగ్రత్తగా పునాది వేసి, ప్రహరీకి రెండడుగులు తవ్వి రాయి పేర్చడం దాదాపు ప్రతిచోటా జరిగే తప్పు.

మీ భవనం కింద పడే స్థలం ఎకరంలోపే కాబట్టి మట్టి పరీక్షకు నాలుగు మూలల్లో నాలుగు, మధ్యలో ఒకటి, మొత్తం ఐదు బోర్లు చాలు. రాయి గానీ గట్టి మొరం గానీ తగిలేదాకా వెళ్లాలి. వరంగల్ ఎన్‌ఐటీ లాంటి సంస్థల సివిల్ విభాగాల్లో ఈ పరీక్షలు చేయించుకోవచ్చు. రిపోర్టులో రెండు అంకెలు చూడండి. ఒకటి ఫ్రీ స్వెల్, అంటే మట్టి నీళ్లలో ఎంత ఉబ్బుతుందన్నది: 20 శాతం లోపు తక్కువ, 35 దాటితే ఎక్కువ, 50 దాటితే చాలా ఎక్కువ. రెండోది ఏ లోతులో చదరపు మీటరుకు ఎన్ని టన్నులు మోస్తుందన్నది. డబ్బు కట్టే ముందు పక్క చేలల్లో పాత వ్యవసాయ బావులుంటే గోడల కోత చూసి రండి. నల్లమట్టి ఎక్కడ ఆగి మొరం ఎక్కడ మొదలైందో అక్కడ కంటికే కనిపిస్తుంది.

మొరం 2 నుంచి 2.5 మీటర్లలో దొరికితే మామూలు విడి ఫుటింగులే (ఒక్కో పిల్లర్ కింద వేసే దిమ్మలు) మంచివి, కాకపోతే అవి మొరంలోకి కనీసం 30 సెంటీమీటర్లు దిగాలి. తరగతి గదికీ వరండాకూ మధ్య ఉండే పిల్లర్ మీద మూడంతస్తులకు కలిపి సుమారు 60 టన్నులు పడుతుంది. నేల 20 టన్నులు మోస్తే 1.8 మీటర్ల చదరపు ఫుటింగు సరిపోతుంది. 10 టన్నులే అయితే అది 2.6 మీటర్లవుతుంది. పరీక్ష ఖర్చు ఈ ఒక్క తేడాలోనే తిరిగొస్తుంది. మొరం 3.5 మీటర్ల కిందికి పోతే అండర్ రీమ్డ్ పైల్స్ (బోరు తవ్వి, అడుగున వెడల్పు చేసి పోసే కాంక్రీటు స్తంభాలు) ఆలోచించాలి. కింద బల్బు కాండం వ్యాసానికి రెండున్నర రెట్లుంటుంది. ఒక్కో పిల్లర్‌కు రెండో మూడో అవసరమవుతాయి. ఆ బల్బు కోసే పరికరం లేకుండా మామూలు బోరు వేసి కాంక్రీటు నింపి అదే పైల్ అనేవాళ్లున్నారు, జాగ్రత్త.

పునాది తర్వాత ఎక్కువగా చెడేది ప్లింత్ బీమ్ (నేల మట్టం దగ్గర పిల్లర్లను కలిపే బీమ్) దగ్గర. నల్లమట్టి మీద బీమ్‌ను నేరుగా పోస్తే వానాకాలంలో మట్టి దాన్ని పైకి నెడుతుంది, మధ్యలో పగుళ్లొస్తాయి. బీమ్ అడుగున 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి, పక్కల మట్టి జారి అందులో నిండకుండా పలకలు నిలబెట్టాలి. గది లోపల నల్లమట్టిని కనీసం ఒక మీటరు తీసేసి, ఉబ్బని మంచి మొరం 15 నుంచి 20 సెంటీమీటర్ల పొరలుగా వేసి, తడిపి, రోలరుతోనో ప్లేట్ కాంపాక్టర్‌తోనో దిమ్మిస చేయాలి. మొరం బదులు ఇసుక నింపితే మంచిదని చాలామంది నమ్మకం. నల్లరేగడిలో అది తప్పు. ఇసుక నీళ్లను పట్టి ఉంచి కింది మట్టికి నెమ్మదిగా తాగిస్తుంది. తవ్విన నల్లమట్టిని తిరిగి గదుల్లోకే నింపి ట్రాక్టర్ల ఖర్చు మిగుల్చుకునే కాంట్రాక్టరు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ మట్టిని రాత్రికి రాత్రే స్థలం దాటించండి.

భవనం చుట్టూ 1.5 నుంచి 2 మీటర్ల వెడల్పు అప్రాన్ (గోడను ఆనుకుని వేసే గచ్చు), బయటికి వాలుగా వేయాలి. పై వాన గొట్టాలు దాని మీదే విడవకుండా కాలువలో కలపాలి. టాయిలెట్లు, సెప్టిక్ ట్యాంకు, ఇంకుడు గుంత ఏవీ పునాదులను ఆనుకుని ఉండొద్దు. బడి కట్టిన రెండో మూడో ఏట ఒక్క మూలే పైకి లేచి పగిలిందంటే చాలాసార్లు ఆ మూల కింద లీకయ్యే గొట్టం ఉంటుంది. రావి, నీలగిరి లాంటివి నీళ్లు లాగే చెట్లు. అవి ఎంత ఎత్తు పెరుగుతాయో గోడకు అంత దూరంలో నాటాలి.

గదుల అమరికకు వద్దాం. సీబీఎస్ఈ అడిగే గది దాదాపు 8 × 6 మీటర్లు, 500 చదరపు అడుగులు. రాష్ట్ర సిలబస్ బడికైనా అదే కొలత పెట్టుకోండి, తర్వాత మారాలనుకుంటే గోడలు పగలగొట్టే పని ఉండదు. 16 గదులను అంతస్తుకు ఆరు చొప్పున ఒకే వరుసలో పెట్టాలన్న మీ ప్లాను 50 మీటర్లు దాటుతుంది. 45 మీటర్లు మించితే ఎక్స్‌పాన్షన్ జాయింట్ (ఎండకు భవనం సాగేందుకు వదిలే సందు) పెట్టాలి, అక్కడ రెండు వైపులా వేర్వేరు పిల్లర్లు రావాలి. దానికి బదులు అంతస్తుకు నాలుగు గదులు, రెండు చివర్లా మెట్లు పెడితే ఒక బ్లాకు 39 మీటర్లలో ముగుస్తుంది. 4 మీటర్లకొక వరుస, వరుసకు మూడు చొప్పున 33 పిల్లర్లు వస్తాయి. పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు చూసేలా తిప్పండి, పడమటి ఎండ గదుల్లో పడదు. 2.4 మీటర్ల వరండా దక్షిణం వైపు ఉంటే అదే నీడనిస్తుంది.

ఆ వరండాను పిల్లర్లు లేకుండా కాంటిలీవర్‌గా తీద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గంట కొట్టగానే నాలుగు గదుల పిల్లలు ఒకేసారి అక్కడికే వస్తారు. లెక్కలో తరగతి గదికి చదరపు మీటరుకు 300 కిలోలు, వరండాకు, మెట్లకు 400 కిలోలు పెట్టేది అందుకే. కాంటిలీవర్‌లో ప్రధాన చువ్వలు పైన ఉండాలి. కాంక్రీటు పోసేరోజు తట్టలు మోసేవాళ్లు వాటి మీద నడిచి కిందికి తొక్కేస్తారు. బయటికి ఏమీ తెలియదు. సెంట్రింగ్ తీసేసిన కొన్నాళ్లకు గోడ మొదట్లో పైన పగులొస్తుంది. బయటి అంచుకు పిల్లర్ల వరుస పెడితే ఈ బాధ లేదు. అయినా స్లాబ్‌లో పై చువ్వలున్న ప్రతిచోటా మీటరుకొక చైర్ (పై చువ్వలను ఎత్తి పట్టే వంచిన ఇనుప ముక్క) పెట్టించండి.

2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. 1969లో భద్రాచలం వైపు వచ్చింది 5.7. మనది భూకంపాల ప్రాంతం కాదని డిజైన్‌లో ఆ లెక్క వదిలేసే ఇంజనీరును అడగండి: బడి భవనానికి భూకంప డిజైన్ ప్రమాణం ఐఎస్ 1893లో ప్రాధాన్య గుణకం 1.5 అని ఉందా లేదా? బడుల్లో ప్రత్యేకంగా జరిగే ఒక లోపం ఉంది. పిల్లర్ల మధ్య కిటికీ మట్టం దాకా ఇటుక గోడ బిగించి కట్టి, పైన పొడుగునా కిటికీలు పెడతారు. ఊపు వచ్చినప్పుడు పిల్లర్ మొత్తం వంగకుండా గోడ పైన ఉన్న పొట్టి ముక్కే వంగి తెగుతుంది. అలాంటి పిల్లర్లకు కింద నుంచి పై దాకా రింగులు 100 మిల్లీమీటర్లకొకటి ఉండాలి, రింగు కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచాలి. మామూలుగా వంచేది 90 డిగ్రీలే. ఇనుము కట్టేరోజు మీరే వెళ్లి చూడండి, సిమెంటు పడ్డాక చూడ్డానికేమీ ఉండదు. కవర్, అంటే ఇనుము మీద ఉండాల్సిన కాంక్రీటు మందం: ఫుటింగుకు 50, పిల్లర్‌కు 40, బీమ్‌కు 25 నుంచి 30, స్లాబ్‌కు 20 మిల్లీమీటర్లు. కంకర ముక్కలు పెట్టి ఇదే కవర్ అంటే తీసేయించండి.

బడుల్లాంటి జనం చేరే భవనాలు 6 మీటర్ల ఎత్తుకు చేరినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ కావాలి. మీకు రెండూ వర్తిస్తాయి. రెండు మెట్లు రెండు చివర్లా, ఒక్కొక్కటి కనీసం 1.5 మీటర్ల వెడల్పు. మెట్టు ఎత్తు 150, అడుగు 300 మిల్లీమీటర్లు. ఏ గది నుంచైనా మెట్ల దాకా 30 మీటర్లు మించొద్దు. వరండా రెయిలింగు 1.2 మీటర్లు, నిలువు కడ్డీల మధ్య 100 మిల్లీమీటర్లకు మించి సందు ఉండొద్దు, అడ్డకడ్డీలు వద్దేవద్దు, పిల్లలు నిచ్చెనలా ఎక్కుతారు. వంటశాల విడిగా కట్టండి. 2004 జులైలో కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు పోయింది వంటింటి నిప్పుతోనే. బడుల అగ్ని భద్రత మీద సుప్రీంకోర్టు 2009లో ఇచ్చిన ఆదేశాల వెనక ఉన్నది ఆ ఘటనే. రెండో వైపు మెట్ల తలుపుకు తాళం వేసే అలవాటు మాత్రం ఎన్‌వోసీతో పోదు.

తాగునీటికి బోరు వేస్తే ఫ్లోరైడ్ పరీక్ష తప్పదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు. అదే బోరు నీళ్లను కాంక్రీటుకూ వాడతారు కాబట్టి క్లోరైడ్ కూడా చూపించండి, ఇనుమున్న కాంక్రీటుకు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది మీరు అడగలేదు గానీ ఖరీదైన తప్పులు చాలావరకు అక్కడే పుడతాయి. జూన్ 12కు బడి తెరవాలని జనవరిలో కొబ్బరికాయ కొడతారు. దాంతో స్లాబ్‌లన్నీ ఏప్రిల్, మే నెలల్లో పడతాయి, ఎండ 44 డిగ్రీలు. కాంక్రీటు అరగంటలో బిగుస్తుంటే కూలీలు నీళ్లు కలుపుతారు. గడువు దగ్గరపడి సెంట్రింగ్ ముందే తీస్తారు. మీరు దసరా తర్వాత తవ్వకం మొదలుపెట్టి, సంక్రాంతికి ప్లింత్ బీమ్ దాటి, మొదటి స్లాబ్ ఫిబ్రవరిలో వేసేలా చూసుకోండి. పత్తి ఏరుడు, వరి కోతల రోజుల్లో స్థానిక కూలీలు దొరకరు, ఆ మాట కాంట్రాక్టరుతో ముందే తేల్చుకోండి. నల్లమట్టిలో తవ్విన గుంతను తెరిచి ఉంచొద్దు. తవ్విన రోజే అడుగున బెడ్ కాంక్రీటు పడాలి, లేకపోతే ఎండి పగిలిన అడుగు మీద పునాది వేసినట్టవుతుంది.

మీ ఒక్కో స్లాబ్, బీములతో కలిపి, దాదాపు 70 ఘనపు మీటర్లు. ఎం25 రకం కాంక్రీటుకు ఘనపు మీటరుకు 7 బస్తాల లెక్కన 490 బస్తాలు. బస్తాకు 25 లీటర్ల నీళ్లు మించొద్దు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. మానేరు, గోదావరి ఇసుకలో ఒండ్రు ఎంతుందో గాజు సీసాలో నీళ్లు పోసి కలిపి మూడు గంటలు ఉంచితే తెలుస్తుంది. ఎత్తులో 8 శాతం దాటితే లోడు వెనక్కి పంపండి. 70 ఘనపు మీటర్లకు ఐదు నమూనాలు, నమూనాకు మూడు చొప్పున 15 క్యూబులు (బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మలు) తీయాలి. క్యూబు మీద తేదీ, స్లాబ్ పేరు తడి మీదే రాయించండి. ల్యాబ్‌కు పంపడానికి వేరే మంచి మిశ్రమం చేసే తెలివి కొందరికుంటుంది, అందుకే నమూనా పోసే చోటి నుంచే, మీరు నిలబడి ఉండగానే తీయాలి. పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటుకు తడపడం కనీసం 10 రోజులు, ఎండల్లో 14. ఆరు మీటర్ల బీమ్ కింద పోట్లు (ఆనించే కర్రలు) 14 రోజుల దాకా, పీపీసీకి ఇంకో వారం కలిపి ఉంచండి.

ఇప్పుడు కట్టే రెండంతస్తులు సుమారు 7,500 చదరపు అడుగులు. అంచనాకు 3,200 బస్తాల సిమెంటు, 32 టన్నుల ఇనుము అనుకోండి, పునాది లోతు పెరిగితే ఇనుము పెరుగుతుంది. గోడలకు రామగుండం, చెల్పూరు బూడిదతో చేసిన ఇటుకలు మీకు దగ్గరే. చదరపు అడుగు లెక్కన గుత్తకు ఇస్తే కాంట్రాక్టరు లాభం మొదట్లోనే తీసుకునేలా వాయిదాలు రాస్తాడు, స్లాబ్ పడగానే 80 శాతం చేతికొస్తుంది. ప్లాస్టరు, గొట్టాలు, అప్రాన్ దగ్గర పని ఈడుస్తాడు. ఇనుము, సిమెంటు మీరే కొని, కూలీ కొలతల మీద ఇవ్వండి, 5 శాతం ఒక వానాకాలం గడిచేదాకా పట్టి ఉంచండి. డబ్బు మొత్తం చేతిలో ఉన్నంత మేరకే పని మొదలుపెట్టాలి. 2022లో మొదలైన ప్రభుత్వ బడుల పథకం మన ఊరు - మన బడిలో బిల్లులు ఆలస్యమై చాలాచోట్ల పనులు మధ్యలో ఆగాయి. ఆగిన భవనంలో బయటికొచ్చిన ఇనుముకు తుప్పు ఆగదు.

ఇక పదేళ్ల భవిష్యత్తు. మంచిర్యాల నుంచి వరంగల్ మీదుగా వెళ్లే గ్రీన్‌ఫీల్డ్ హైవే మీ చుట్టుపక్కల మండలాల్లోంచే పోతోంది. కానీ ఆ రోడ్డుకు ఇష్టమొచ్చిన చోట ఎక్కే దారి ఉండదు. దిగే చోటు ఉన్న దగ్గరే వ్యాపారం, మిగతా పొడుగునా అది చేలను రెండు ముక్కలు చేసే కట్ట. మీ బస్సులు ఏ అండర్‌పాస్ కింద నుంచి రావాలో, వానాకాలం అందులో నీళ్లు నిలుస్తాయో ముందే చూడాలి. 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు గీసుగొండ, సంగెం వైపు. అక్కడి ఉద్యోగాలు నిజమైనా కుటుంబాలు వరంగల్, హనుమకొండల్లోనే ఇళ్లు తీసుకునే అవకాశం ఎక్కువ. మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చింది, దాని పేరు చెప్పి పరకాలలో ప్లాటు ధర పెంచేవాళ్లను నవ్వి వదిలేయండి. మీ బడికి నిజంగా లెక్కలోకి వచ్చేవి భూపాలపల్లి బొగ్గు గనులు, చెల్పూరు విద్యుత్ కేంద్రం, పత్తి వ్యాపారం, చుట్టూ ఊళ్లు. ఇవి నిలకడైనవే గానీ ఒక్కసారిగా ఉబ్బేవి కావు.

పైగా పిల్లలే తగ్గుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు, 1.8. అందుకని ప్లాట్ల అమ్మకాలు చూడకండి, అంగన్‌వాడీ రిజిస్టర్లు చూడండి. బస్సు 40 నిమిషాల్లో తిరిగి రాగల ఊళ్లన్నిటిలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలెందరు, అందులో ఇప్పుడున్న బడులకు, గురుకులాలకు పోయేవాళ్లెందరు అని లెక్క వేయండి. ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా ఏడు సెక్షన్లకు ఏడు గదులు, ఆఫీసుకు ఒకటి. ఎనిమిదీ సరిపోతాయి. మొదటి బ్యాచ్ ఆరో తరగతికి వచ్చేసరికి మూడో అంతస్తు, ఎనిమిదికి వచ్చేసరికి ల్యాబ్‌లతో రెండో బ్లాకు. రెండేళ్లు వరసగా ఎల్‌కేజీలో 30 మంది చేరకపోతే మూడో అంతస్తు ఆలోచన ఆపేయండి.

మూడో అంతస్తు కోసం పైన వదిలే పిల్లర్ చువ్వలను మాత్రం గాలికి, వానకు అలా ఉంచొద్దు. చువ్వలకు సిమెంటు పాలు పట్టించి, చుట్టూ బలహీనమైన కాంక్రీటుతో, 1:4:8 పాళ్లలో, దిమ్మ కట్టి మూసేయండి. ఐదేళ్ల తర్వాత సుత్తితో కొడితే విడిపోతుంది, లోపల ఇనుము శుభ్రంగా ఉంటుంది. చువ్వల పొడవు కనీసం వ్యాసానికి 50 రెట్లు వదలాలి, 16 మిల్లీమీటర్ల చువ్వకైతే 80 సెంటీమీటర్లు. అన్నీ ఒకే ఎత్తులో కోయకుండా సగం పొడుగు, సగం పొట్టి ఉంచమనండి. అతుకులన్నీ ఒకేచోట పడకూడదు.